రెండు భాషల నడుమ కొమఱ్ఱాజు లక్ష్మణరావు

సూర్యాపేటనుండి కోదాడమీదుగా బెజవాడకు పోవు పెద్దబాటలో మునగాల తగులును. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలోని యొక యూరు. ఒకప్పుడు మాత్రము దాని స్థితి విచిత్రముగా నుండెడిది. ఒకవైపు సూర్యాపేట, ఒకవైపు కోదాడ, మరియొకవైపు మిర్యాలగూడ ప్రాంతము. ఇదంతయు నైజాము రాజ్యము. నడుమనున్న మునగాల పరగణా మాత్రము ఇంగ్లీషువారి యేలుబడిలోని కృష్ణాజిల్లాకు చేరిన జమీందారీ. కొద్ది క్రోసులు నడిచినచో కచ్చేరి భాష మారిపోయెడిది. ఇటు దున్నెడి రైతును అటు దున్నెడి రైతును ఒక్క తెలుగే మాటలాడుకొనిరి. ఎద్దును పిలుచు పిలుపు మారలేదు, నాగలిపేరు మారలేదు. పొలిమేర కీవల వాని భూమి కాగితము ఉర్దూలో నుండెను. ఆవల తెలుగులోనో, పైకచ్చేరికి పోయినచో ఇంగ్లీషులోనో యుండెను. భాషలను పక్కపక్కన నిలిపి చూచుటకు ఇంతకంటె తగిన స్థలము తెలుగుదేశమున లేదనవచ్చును. అట్టి పరగణాకు దివానుగా వచ్చినవాడు రెండు భాషల నడుమ పెరిగిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు.

ఆయన 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని పెనుగంచిప్రోలున జన్మించెను. తండ్రి వేంకటప్పయ్య, తల్లి గంగమ్మ. మాటలు వచ్చీరాని ప్రాయముననే తండ్రి గతించెను. సవతియన్నయగు శంకరరావు ఆ కుటుంబ భారమును మోసెను. నైజాము రాజ్యములోని భువనగిరిలో ఆ బాలుని తొలిచదువులు సాగినవి. పిమ్మట అక్కగారైన అచ్చమాంబయు బావగారైన భండారు మాధవరావును అతనిని తమతో మధ్యపరగణాలకు గొనిపోయిరి. మాధవరావునకు అక్కడ ఉద్యోగము. ఇట్లు కృష్ణానదీతీరపు పిల్లవాడు నాగపురపు పాఠశాలలో మరాఠీ బాలుర నడుమ కూర్చుండెను.

మరియొక భాషాప్రాంతమునకు చిన్ననాడే పోయిన తెలుగువారి గతి రెండు విధములుగా నుండుట కలదు. కొందరికి క్రొత్తభాష అంగడిభాషగనే నిలిచిపోవును. కొందరికి అదియే సొంతమై, ఇంటిభాష వంటయింటిలో మిగిలిపోవును. లక్ష్మణరావుగారి విషయమున ఈ రెండును జరుగలేదు. ఆయన మరాఠీని మరాఠీ విద్వాంసులు మెచ్చునంతగా నేర్చిరి. ఆ భాషాపత్రికలకు వ్యాసములు వ్రాసిరి. తిలకుగారి కేసరిలో ఆయన వ్రాతలు వెలువడినవి. మోరోపంతు మహారాష్ట్ర కవులలో పండితకవిగా పేరుపొందినవాడు. ఆయన గ్రంథముల పరిష్కరణమున ఈ తెలుగు యువకుడు చేయి వేసెను. పరభాషలో ఉత్తరము వ్రాయుట వేరు, ఆ భాషలోని ప్రాచీనకవి పాఠములను దిద్దుట వేరు. రెండవది ఆ భాషవారు ఊరకే యొరునికి అప్పగింపరు.

తెలుగు, మరాఠీ భాషలను పోల్చి చూచినప్పుడు మొదట తోచునది పోలిక, తరువాత తోచునది భేదము, ఇంకను లోతునకు పోయినచో మరల పోలికయే తోచును. మరాఠీ సంస్కృత ప్రాకృతముల పరంపరలోనిది. తెలుగు ద్రావిడ కుటుంబములోనిది. పుట్టుకలో వీనికి సంబంధము లేదు. మరాఠీలో ప్రతి నామమునకును లింగము కలదు: కొండ పుంలింగము, నది స్త్రీలింగము, ఇల్లు నపుంసకము. వీనిని వల్లించుట తప్ప వేరుదారి లేదు. తెలుగులో నది పారుచున్నది, కొండ నిలిచియున్నది. ఇల్లు ఆడుదియో మగవాడో తెలియక తికమకపడు పనిలేదు. కాని మన భాషలో సీత వచ్చుచున్నది, ఆవును వచ్చుచున్నది. ఏకవచనమున స్త్రీని పశువుతో కలిపి, బహువచనము రాగానే పురుషులతో కలుపుకొను మన మహదమహద్వ్యవస్థ మరాఠీవారికి వింతగా తోచును. తోచవలసినదే.

ఇది భేదము. పోలికల మాటకు వచ్చినచో, వినువానిని మనయందు చేర్చుకొనునది మనము, విడిచిపెట్టునది మేము అను సొగసైన విభాగము సంస్కృతమునందు లేదు, ఇంగ్లీషునందు లేదు. మరాఠీలో ఆపణ్, ఆమ్హీ అని కలదు. చాప, జొన్న అనునప్పుడు మనము పలుకు దంత్య చకార జకారములు మరాఠీవారి చాంగలా, జాణే అను మాటలలో అట్లే వినవచ్చును. ళకారము ఇద్దరికిని ఉమ్మడి. వచ్చిన మనిషి అని మనము ఒక్క విశేషణముతో ముగించు దానిని వారును ఆలేలా మాణూస్ అని ముగింతురు. అని అను మన అవ్యయము చేయు పనిలో చాలభాగము వారి మ్హణూన్ చేయును. అన్న, అక్క అను పిలుపులు వారి యిండ్లలోను వినబడును. రక్తసంబంధము లేని రెండు కుటుంబములు ఒకే గోడకు అటునిటు వేయియేండ్లు కాపురముండిన యెట్లుండునో ఈ భాషలట్లున్నవి. తంజావూరు నేలిన మహారాష్ట్ర ప్రభువు శహాజీ తెలుగున యక్షగానములు రచించుటయు ఈ ఇరుగుపొరుగు తనపు ఫలమే.

పోలిక వేరు, బంధుత్వము వేరు అను సంగతి ఆ దినములలోనే వేరొక మూలనుండి స్పష్టమగుచుండెను. నార్వేదేశస్థుడైన స్టెన్ కోనో గ్రియర్సన్ దొర నడపిన భారతభాషా పరిశీలనమున పనిచేయుచు, ముండా ద్రావిడ భాషల సంపుటమును సిద్ధపరచెను. తెలుగు వర్ణన అందులోనిదే. అది 1906లో అచ్చయ్యెను. టిబెటో బర్మను భాషల భాగమును 1909లో వెలువరించినదియు ఆయనయే. నేడు జోంఖా యను పేర భూటానునకు జాతీయభాషయైన భాష ఆ కుటుంబములోనిది. ఆయన మాతృభాషయగు నార్వీజియనులో క్రియ వాక్యమున రెండవ స్థానమున నిలుచును. జోంఖాలో చిట్టచివర వచ్చును, తెలుగులోను అట్లే. విభక్త్యర్థకములు ఈ రెండు భాషలలోను నామమునకు వెనుకనే చేరును. అయినను జోంఖాకును తెలుగునకును చుట్టరికము కట్టినవారు లేరు. వాక్యపు కూర్పు ఒకటి, వంశము మరియొకటి. నార్వేలో ఆ కాలమున ఇంటిలోనే భాషా కలహము. డేనిష్ మూసలో పెరిగిన నాగరకభాషయా, పల్లెల మాండలికములనుండి కూర్చిన దేశభాషయా యను వివాదము చెలరేగి, 1885లో అచటి శాసనసభ రెంటికిని సమానస్థానమిచ్చెను. మన గ్రాంథిక వ్యావహారిక వివాదము చూచినవారికి ఈ సంగతి కొంత ఊరట కలిగింపవచ్చును. ఇట్టి తగవులు మనకే ప్రత్యేకములు కావు.

మోరోపంతును పరిష్కరించుటలో లక్ష్మణరావుగారికి ఎదురైనది మరాఠీ భారతము. మోరోపంతు ఆర్యావృత్తమునందు సిద్ధహస్తుడు. ఆర్య నాలుగేసి మాత్రల గణములతో నడచును. మన కందమును అట్లే నడచును. సంస్కృతమున ఆర్యాగీతి యనబడు దానికి మన కందము సోదరి. తెలుగు పిల్లవాడు చిన్ననాడు సుమతిశతకముతో నాలుకకు పట్టించుకొనునది ఆ నడకయే. కనుక మోరోపంతు పద్యమున ఒక మాత్ర తప్పినచో చెవి యొప్పుకొనకపోవుటకు తెలుగు శతకములు చదివిన శ్రమయు తోడ్పడియుండవలెను. భేదము భాషలోనున్నది. మోరోపంతు 18వ శతాబ్దివాడు. మనకు భారతమును తెనిగించుట 11వ శతాబ్దిలో మొదలై 14వ శతాబ్దిలో పూర్తియయ్యెను. పాతదనమున తెలుగునకు తక్కువలేదు.

అయినచో తక్కువ యెక్కడ? ఈ ప్రశ్నయే ఆయన జీవితమును మలుపు త్రిప్పెను. విష్ణుశాస్త్రి చిప్లూణ్కరు 1874లో నిబంధమాలను ప్రారంభించెను. 1881లో కేసరి పుట్టెను. చరిత్ర, రాజనీతి, శాస్త్రములు మరాఠీ వచనమున చర్చకు వచ్చెను. చదువుకొన్న మహారాష్ట్రుడు తన దేశచరిత్రను తన భాషలో చదువుకొనగలిగెను. తెలుగులో ఆ 1874లోనే వీరేశలింగముగారు వివేకవర్ధనిని స్థాపించిరి. ఆయన యొక్కడే పదిమంది పని చేసిరి. ఆ ఒక్కనిని తీసివేసినచో మిగులునది స్వల్పము. పద్యమున సముద్రము, శాస్త్రవచనమున ఎండిన చెరువు. రెండు భాషలను ఎరిగినవానికి గాని ఈ అంతరము ఇంత నొప్పిగా తెలియదు. తెలుగుమాత్రమే యెరిగినవాడు కవిత్రయమును చూచి తృప్తిపడును. మరాఠీమాత్రమే యెరిగినవానికి ఈ గొడవయే లేదు.

1900లో ఆయన నాగపురమున బి.ఏ. పట్టము పొందిరి. అటుపై ఎం.ఏ. పూర్తిచేసిరి. మరాఠీలో పేరు అప్పటికే కలదు. ఇంకొక పదియేండ్లు అచ్చటనే యుండినచో మహారాష్ట్ర వాఙ్మయచరిత్రలో ఆయన కొక పుట దక్కియుండెడిది. ఆయన దానిని వదలుకొనిరి.

ఈ నిర్ణయములో అక్కగారి పాలు ఎంతయో చెప్పుట కష్టము గాని, ఆమెను విడిచి లక్ష్మణరావుగారి కథ చెప్పుట అన్యాయము. అచ్చమాంబ 1874లో పుట్టినది. పదేండ్లకు పెండ్లియైనది. పాఠశాల మెట్టెక్కలేదు. తమ్ముడు చదువుకొనుచుండగా పక్కన కూర్చుండి ఆమె అక్షరములు దిద్దినది. తెలుగుతో ఆగక హిందీ, మరాఠీలును నేర్చినది. తమ్మునికి బడి యిచ్చినది ఆమెకు తమ్ముడిచ్చెను. 1901లో ఆమె అబలాసచ్చరిత్ర రత్నమాల వెలువడెను. 1902లో హిందూసుందరిలో అచ్చయిన ధనత్రయోదశి మొదలగు కథలవలన తెలుగు కథకు తొలిబాట వేసినవారిలో ఆమె పేరు నిలిచినది. అదే సంవత్సరము ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బందరున బృందావన స్త్రీసమాజమును స్థాపించినది. 1905 జనవరిలో, ప్లేగురోగులకు సేవచేయుచు ఆ జాడ్యమునకే లోనై, ముప్పది దాటీదాటకమునుపే మరణించినది. తమ్ముడు తరువాత తన కూతునకు అచ్చమాంబయని పేరు పెట్టెను. ఆ చిన్న అచ్చమాంబ వైద్యురాలై, 1957లో విజయవాడనుండి లోకసభకు ఎన్నికయ్యెను. అక్షరములకొరకు తమ్మునిబడి నాశ్రయించిన మేనత్తకును, పార్లమెంటున కూర్చున్న మేనకోడలికిని నడుమ నడచిన కాలము ఒక్క తరము.

మునగాల సంస్థానాధిపతి రాజా నాయని వేంకటరంగారావు విద్యాభిమాని. నడిగూడెము కోట ఆయన నివాసము. లక్ష్మణరావుగారు ఆయనకు దివానుగా వచ్చిరి. జమీందారీ దివానుగిరి యనగా శిస్తుల లెక్కలు, దావాలు, సరిహద్దు తగాదాలు. ఆ చిక్కుల నడుమ గ్రంథరచన సాగుట అరుదు. ఇచ్చట యజమానియు దివానును ఒకే పిచ్చి పట్టినవారగుటచేత సాగెను. 1901 సెప్టెంబరులో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. రావిచెట్టు రంగారావుగారి యింట ఆరంభమైన ఆ గ్రంథాలయము వెనుక వీరిద్దరును ఉండిరి. ఉర్దూ రాజభాషగానున్న నగరమున తెలుగు పుస్తకములకు ఒక గది దొరకుటయే ఆ నాడు పెద్ద సంగతి. హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లో వెలసెను. నల్లగొండ మండలమున సూర్యాపేట మొదలు పలుచోట్ల తరువాత పెరిగిన గ్రంథాలయోద్యమమునకు ఇవి పునాదిరాళ్లు.

1906లో విజ్ఞానచంద్రికా మండలి హైదరాబాదున ఏర్పడినది. లక్ష్మణరావుగారు సంపాదకులు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, ఆచంట లక్ష్మీపతి మొదలగువారు తోడ్పడిరి. హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము మొదటి ప్రచురణము. లక్ష్మణరావుగారు తామే హిందూమహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను చరిత్రలను వ్రాసిరి. అంతకు ముందే శివాజీ చరిత్రమును తెలుగువారి చేతబెట్టిరి. మరాఠీ చదువు తెలుగునకు చెల్లించిన మొదటి వాయిదా అది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము 1910లో మండలి ప్రచురణముగా వచ్చినది. 1908లో హరిసర్వోత్తమరావుగారు చెఱసాల పాలైరి. ఆ యేడే మండలి మద్రాసునకు తరలెను.

శాస్త్రగ్రంథము వ్రాయించుట అనుకొన్నంత సులువు కాదు. మాటలు కావలెను. పాశ్చాత్యశాస్త్రముల మాటలకు సంస్కృతమునుండి క్రొత్తమాటలు చేయుటలో బంగాళీలును మహారాష్ట్రులును ముందే దారివేసియుండిరి. వానిని ఎత్తి తెచ్చికొనిన సరిపోవునా? ఇచ్చటనే రెండు భాషలెరిగినవాని విలువ తెలియును. రాగ్ అను మాట మరాఠీలో కోపము. మనకు రాగము సంగీతమో అనురాగమో. మనకు ఉపన్యాసము సభలో చేయునది. బంగాళీ హిందీలలో అది నవల. ఆ నవలయే మరాఠీలో కాదంబరి. ఒకే సంస్కృతపదము మూడిండ్లలో మూడు వేషములు వేసికొని తిరుగుచుండును. పేరు ఒకటేయని నమ్మి తెచ్చుకొనినచో అతిథి స్థానమున అపరిచితుడు వచ్చి కూర్చుండును. మండలి గ్రంథములలోని వచనము నేటివారికి కొంత బిగువుగా కనబడును. అయినను పదునెనిమిదవ పేజీకి వచ్చుసరికి విషయము మరచి సమాసమును లెక్కపెట్టుకొను గతి అందు పట్టదు. అది ఆ కాలపు వచనములో తక్కువ గుణము కాదు.

చరిత్రపరిశోధనమునందును ఆయన పట్టుదల యిట్టిదే. త్రిలింగమునుండి తెలుగు పుట్టెనా యను ప్రశ్నను తీసికొని పరిశీలించిరి. శాతవాహనులను గూర్చియు, శాసనములను గూర్చియు వ్రాసిరి. ఊహను శాసనముతో ఒరసి చూచుట, ఒక ప్రతిని ఇంకొక ప్రతితో సరిచూచుట, తేదీ కుదరనిచో కుదిరినట్లు నటింపకుండుట: ఈ క్రమశిక్షణము ఆయనకు మరాఠీ పరిష్కరణములో పట్టువడి, తెలుగున పండినది. ఆ వ్యాసములు లక్ష్మణరాయ వ్యాసావళియను పేర గ్రంథరూపము పొందినవి. కథలను చరిత్రయని నమ్ముటకు అలవాటుపడిన పాఠకులకు అవి కొంత చేదుగా నుండియుండవచ్చును.

వీనియన్నింటికంటె పెద్దకోరిక మరియొకటి యుండెను. సకలశాస్త్రములను అకారాదిగా కూర్చి తెలుగున ఒక విజ్ఞానసర్వస్వము నిర్మింపవలెనని ఆయన సంకల్పించిరి. నగేంద్రనాథ వసుగారి బంగాళీ విశ్వకోశము 22 సంపుటములుగా 1911లో ముగిసినది. మరాఠీలో అట్టి గ్రంథము అప్పటికి లేదు. ఇది గమనింపదగిన విషయము. ఏ భాషను చూచి ఈయన తెలుగు కొరతను కొలిచెనో ఆ భాషకంటె ముందే తెలుగున ఈ పని మొదలయ్యెను. ఆంధ్రవిజ్ఞానసర్వస్వము మొదటి సంపుటము 1915లో వెలువడెను. మల్లంపల్లి సోమశేఖరశర్మ, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలగువారు సహాయులు. కాని సంపాదకుడే ప్రధానలేఖకుడు. గణితముమీద వ్రాయువాడు దొరకనిచో గణితమును తానే చదువవలెను. వ్యాకరణముమీద వచ్చిన వ్యాసము తృప్తి కలిగింపనిచో తానే తిరుగ వ్రాయవలెను. మద్రాసులో కన్నెమరా గ్రంథాలయము ఆయనకు రెండవ యిల్లయ్యెను. పది భాషల పుస్తకములు తిరుగవేసి ఒక్క పుట వ్రాయు పని అది. చందాదారులు తక్కువ, ఖర్చు ఎక్కువ. యుద్ధకాలమున కాగితపు ధర మండిపోయెను. మూడు సంపుటములు వచ్చునప్పటికి ధనమును ఆరోగ్యమును రెండును కరగినవి. అక్షరమాల మొదటనే గ్రంథము ఆగిపోయెను.

ఒక్కని భుజములమీద ఇంత భారము పెట్టిన తెలుగుదేశమును ఇచ్చట తప్పుపట్టక తప్పదు. ప్రశంసకు కొదువ లేదు; ఆ ప్రశంసతో కాగితము కొనుటకు వీలులేదు.

నాగపురమున శ్రీధర వేంకటేశ కేత్కరు మరాఠీ జ్ఞానకోశమునకు పూనుకొనినది ఈ తరువాతనే. ఆయన దానికొక సంస్థను నిర్మించి, వాటాలు అమ్మి, పలువురు పనివారిని కూర్చి, పుణ్యపురమునకు తరలించి, 1920 మొదలు సంపుటముమీద సంపుటముగా వెలువరించి ముగించెను. వెనుక మొదలుపెట్టినవాడు ముందు ముగించెను. విద్వత్తులో లక్ష్మణరావుగారు కేత్కరునకు తీసిపోయిరని చెప్పుటకు లేదు. భేదము వెనుక నిలిచిన జనములో నున్నది. తన బాల్యమున నాగపురపు బడిలో ఏ అంతరమును ఆయన కనుగొనెనో ఆ అంతరమే చివరకు ఆయన గ్రంథమును మ్రింగెను.

1923 జూలై 12వ తేదీన మద్రాసులో లక్ష్మణరావుగారు కన్నుమూసిరి. అప్పటికి నలుబది యారేండ్లు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సర్వస్వమును మరల చేపట్టి కొన్ని సంపుటములను ప్రకటించిరి. 1938లో పంతులుగారును పరమపదించుటతో గ్రంథము రెండవమారు ఆగెను. మునగాల పరగణా, రాష్ట్రములు కలిసిన పిమ్మట, కృష్ణాజిల్లానుండి విడివడి చుట్టునున్న నల్లగొండలో చేరెను.